రెండు తగ్గించి చెప్పే కొట్టు

మాస్టరమ్మ దర్జీ కొట్టులో ముప్పై ఏళ్ళుగా ఒక పద్ధతి నడుస్తోంది. మనిషిని నిలబెట్టి, టేపు చుట్టి కొలత తీసేటప్పుడు, ఉన్నదానికి రెండంగుళాలు తగ్గించి పైకి చెబుతుంది. పక్కన పుస్తకంలో రాసుకునే మనిషి ఆ రెండూ కలిపి రాసుకోవాలి. నడుము ముప్పై ఎనిమిది ఉన్నావిడకు ముప్పై ఆరు అని వినబడుతుంది, పుస్తకంలో ముప్పై ఎనిమిదే పడుతుంది, గౌను ఒంటికి అతికినట్టు కూర్చుంటుంది. ఆవిడ అద్దంలో చూసుకుని "ఈమధ్య కాస్త తగ్గానులే" అనుకుంటూ మెట్లు దిగుతుంది. ఇందులో ఎవరికీ నష్టం లేదు. అదే వీధిలో ఇంకో మూడు దర్జీ కొట్లున్నా, కాస్త ఒళ్ళున్న వాళ్ళంతా ఇక్కడికే ఎందుకొస్తారో ఆ మూడు కొట్లవాళ్ళకూ ఈనాటికీ అంతుపట్టలేదు.

కొత్తగా పనిలో చేరినవాళ్ళకు ఈ పద్ధతి ఒంటబట్టడానికి నెలో రెండు నెలలో పట్టేది. గుండీకి మాత్రం ఒక్క పూట చాలింది. గుండీ అంటే ఇప్పటి కోడలు. పదకొండేళ్ళ కిందట కాజాలు కుట్టి గుండీలు పెట్టడానికి పనికి చేరింది కాబట్టి ఆ పేరు. పొద్దున చేరిన పిల్ల, మధ్యాహ్నానికల్లా పెద్దావిడ ఏ అంకె చెప్పినా తలెత్తకుండా రెండు కలిపి రాసేస్తోంది. ఎవరు చెప్పారే నీకు అని అడిగితే, "మీరు ముప్పై నాలుగన్నప్పుడు టేపు మీద మీ బొటనవేలు ముప్పై ఆరు దగ్గరుంది" అంది. ఈ పిల్లను వదులుకోకూడదని మాస్టరమ్మ ఆ రోజే తీర్మానించుకుంది. తన కొడుకు కూడా అలాగే తీర్మానించుకున్నాడని తెలియడానికి ఆవిడకు మరో ఏడాది పట్టింది. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. వారానికి మూడుసార్లు చొక్కా గుండీ ఊడగొట్టుకుని కొట్టుకు వస్తుంటే, పనిలో ఎక్కడ ఇరుక్కుంటున్నాడో ఏమో అని తల్లి బెంగ పెట్టుకుంది తప్ప అసలు సంగతి తట్టలేదు.

పెళ్ళయి ఎనిమిదేళ్ళయింది. మూడేళ్ళ కిందట ఒకసారి కడుపు నిలిచి, పదో వారంలో పోయింది. అప్పుడు తీసిన స్కానింగులో గర్భసంచి గోడలో నిమ్మకాయంత గడ్డ కనిపించింది. దాన్ని ఫైబ్రాయిడ్ అంటారని, చాలామంది ఆడవాళ్ళకు ఉంటుందని, క్యాన్సర్ కాదని, ఇబ్బంది పెట్టనంతకాలం దాని జోలికి పోనక్కర్లేదని డాక్టరమ్మ చెప్పింది. "నెలసరి ఎక్కువైనా, రోజులు పెరిగినా నాకు చెప్పాలి. అప్పుడు ఆలోచిద్దాం" అని ఒకటికి రెండుసార్లు అంది. ఆరు నెలలకోసారి వెళ్ళి చెబుతూనే ఉన్నారు కూడా. గుండీ చెప్పేది, మాస్టరమ్మ పక్క కుర్చీలో కూర్చుని తలాడించేది.

ఆ ఏడు చలి మొదలవుతూనే మాస్టరమ్మ కోడలికి కోటు కుట్టడానికి పూనుకుంది. ఏటా ఒక కోటు కుట్టడం అలవాటు. నీలం ఉన్ని గుడ్డ మంచిది మిగిలింది. గుండీని అద్దం ముందు నిలబెట్టి భుజాలు కొలిచింది. పోయినేటికన్నా అరంగుళం తక్కువ. చేతులు తక్కువ, ఛాతీ తక్కువ. టేపు కిందికి జారి నడుము చుట్టూ వచ్చేసరికి మాస్టరమ్మ చెయ్యి ఆగిపోయింది. పోయినేడు ముప్పై. ఇప్పుడు ముప్పై నాలుగున్నర.

"ఎన్నో నెలే?" అంది.

గుండీకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తల దించుకుంది. "పోయిన వారమే బయటున్నాను అత్తయ్యా" అంది.

మాస్టరమ్మ కోడలి పొట్ట మీద అరచెయ్యి పెట్టి చూసింది. కింది భాగం గట్టిగా, బాగా కూరిన దిండులా తగిలింది. ఒక్క నిమిషం కింద పొంగిన సంతోషమంతా చప్పున చల్లారింది. కత్తెర పక్కన పెట్టి, కొట్టుకు తాళం వేసి, కోడల్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి బయలుదేరింది.

డాక్టరమ్మది చిన్న గది. గోడకు గర్భసంచి బొమ్మ, బల్ల మీద నాలుగు పెన్నులు, కిటికీలో ఎండిపోతున్న ఒక మొక్క. స్కానింగు చేసి, రక్తపరీక్ష కాగితం తెప్పించుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, పాత కాగితాల పక్కన పెట్టి చూసింది. నిమ్మకాయ పెద్ద దానిమ్మకాయ అయింది. గర్భసంచి లోపలి గదిలోకి తోసుకొచ్చి కూర్చుంది. రక్తం పన్నెండు ఉండాల్సిన చోట ఆరున్నర ఉంది.

"నాకొకటి అర్థం కావడం లేదమ్మా" అంది ఫైలు తిరగేస్తూ. "ఆరు నెలల కిందట అడిగితే ఐదు రోజులన్నావు. ఏడాది కిందటా ఐదే. రోజుకు మూడు ప్యాడ్లన్నావు. అలసట పదికి ఎంత అంటే మూడన్నావు. ఈ లెక్కన ఇంత రక్తం ఎక్కడికి పోయింది?"

గుండీ గోళ్ళు చూసుకుంటోంది. మాస్టరమ్మ ఫైలు వైపు వంగింది.

"ఐదు కాదు డాక్టరమ్మా, ఏడు" అంది.

"ఏడా?"

"మా కొట్లో పైకి రెండు తగ్గించే చెబుతాం. వినేవాళ్ళు కలుపుకుంటారు. ఇది ఐదంటే నాకు ఏడని తెలుస్తూనే ఉంది. మీకూ తెలుస్తోందనుకున్నాను. డాక్టరమ్మ పనిమంతురాలు కదా, చెప్పింది చెప్పినట్టు రాసుకుంటుందా, రెండు కలుపుకోదా అనుకున్నాను."

డాక్టరమ్మ కళ్ళజోడు దించి పెట్టుకుంది. నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేక, చివరికి రెండూ మానేసింది. "నేను దర్జీని కానమ్మా" అంది. "నాకు ఐదంటే ఐదే. మూడేళ్ళుగా మీ ఐదు చూసి గడ్డ జోలికి పోలేదు. ఏడని చెప్పుంటే రెండేళ్ళ కిందటే మళ్ళీ స్కానింగు చేసేదాన్ని."

"అయితే ఇప్పుడు సరిగా రాయండి. రోజులు ఏడు, ప్యాడ్లు ఐదు, అలసట..."

"తొమ్మిది" అంది గుండీ, తల ఎత్తకుండా. "రోజులు తొమ్మిది. ప్యాడ్లు ఏడో ఎనిమిదో. మెట్లు ఎక్కితే మధ్యలో రెండుసార్లు కూర్చుంటాను."

మాస్టరమ్మ కోడలి వైపు తిరిగింది. "నాకూ తగ్గించే చెప్పావా?"

"మీరు రెండు కలుపుకుంటారని నాకు తెలుసు కదా అత్తయ్యా. అందుకని నాలుగు తగ్గించాను."

మాస్టరమ్మకు జీవితంలో మొదటిసారి తన తెలివి మీద తనకే అసహ్యం వేసింది. ఆ పిల్లకు ఆ విద్య నేర్పింది తనే. నేర్చుకున్నందుకు మెచ్చుకుని, నలుగురికీ చెప్పుకుని మురిసిపోయింది కూడా తనే.

డాక్టరమ్మ కొత్త కాగితం తీసి అన్నీ మళ్ళీ రాసుకుంది. తర్వాత దారులు చెప్పింది. గర్భసంచి మొత్తం తీసెయ్యడం ఒకటి, అది పిల్లలు కావాలనుకునే వాళ్ళకు కాదు. సన్నని గొట్టం పంపి గడ్డకు వెళ్ళే రక్తాన్ని ఆపెయ్యడం ఇంకొకటి. కోత ఉండదు, కానీ ఆ తర్వాత కడుపు ఎలా నిలుస్తుందో గట్టిగా చెప్పడానికి లేదు. మూడోది, కోసి గడ్డను మాత్రం తీసేసి, గర్భసంచిని మళ్ళీ కుట్టెయ్యడం. "ఇది నీకు నప్పుతుంది. తీసేశాక తప్పకుండా బిడ్డ పుడుతుందని మాట ఇవ్వను. చాలామందికి నిలుస్తుంది, కొందరికి నిలవదు."

కుట్టు అన్న మాట వినగానే మాస్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఎన్ని వరసలు వేస్తారు?"

"మూడు. లోపలి వైపు విడిగా, మధ్య కండ విడిగా, పైపొర విడిగా."

"దారం?"

"కొన్నాళ్ళకు ఒంట్లో కరిగిపోయేది."

"కరిగిపోయాక దేని మీద నిలబడుతుంది?"

"ఈలోపు కండ కండతో అతుక్కుంటుంది. మీ బట్టకు లేని సౌకర్యం అది."

"అయినా కుట్టున్న చోట బలం తక్కువే కదా?"

డాక్టరమ్మ ఈసారి ఆవిడను కాస్త గౌరవంగా చూసింది. "తక్కువే. అందుకే కడుపు నిలిస్తే నొప్పులు రానివ్వను. ముప్పై ఏడో వారంలో, నొప్పులు మొదలవకముందే, పెద్దాపరేషన్ చేసి బిడ్డను తీస్తాను. నొప్పులకు గర్భసంచి బిగిసినప్పుడు ఆ కుట్టు విడిపోయే ప్రమాదం ఉంది. విడిపోతే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పే."

రక్తం పదకొండు దాటేదాకా కత్తి పట్టనంది. గడ్డ కాస్త కుంచించుకుపోవడానికి నెలకొక ఇంజెక్షన్, రక్తం పెరగడానికి సెలైన్‌లో మందు, అలా మూడు నెలలు నడిచాయి. గుండీ బుగ్గల్లో కాస్త రంగు కనిపించింది. ఆపరేషన్‌కు తారీకు ఇచ్చి, సంతకానికి ఒక కాగితం చేతిలో పెట్టి, చదువుకుని తెమ్మన్నారు.

వారమైనా ఆ కాగితం ఆసుపత్రికి చేరలేదు. ఆపరేషన్ ఇంకా మూడు రోజులుందనగా, ఒక మధ్యాహ్నం మాస్టరమ్మ ఎవరిదో పంట్లాం కొలత కోసం పుస్తకం తిరగేస్తుంటే నాలుగు మడతలుగా కనిపించింది. సంతకం లేదు. ఒక వాక్యం కింద మాత్రం పెన్సిలుతో గీత ఉంది. రక్తస్రావం ఆగకపోతే, ప్రాణం కాపాడటానికి గర్భసంచి తీసెయ్యడానికి నేను ఒప్పుకుంటున్నాను, అని ఆ వాక్యం.

మాస్టరమ్మ వాకిలి షట్టరు సగం దించి వచ్చింది. గుండీ కుట్టు మిషను ముందు కూర్చుని ఉంది.

"ఇదేమిటి?"

"ఆ ఒక్క లైను కొట్టేసి చెయ్యమని అడిగాను. కుదరదన్నారు."

"ఎందుకు కొట్టెయ్యడం?"

గుండీ బాబిన్ తీసి మళ్ళీ పెట్టింది. "సంచి తీసేస్తే నేనేం చెయ్యాలి అత్తయ్యా?"

"కాజాలు కుడతావు."

"వేళాకోళం వద్దు" అంది గుండీ. పదకొండేళ్ళలో ఆ పిల్ల అత్తగారితో ఆ గొంతుతో మాట్లాడటం అదే మొదలు. "కింది సొరుగులో చిన్న చొక్కాలు చూశాను. ఇరవై ఆరున్నాయి. మంచి ముక్క మిగిలినప్పుడల్లా ఒకటి కుట్టి దాస్తున్నారు. మీరు నన్ను ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది. అనకుండా ఇరవై ఆరు కుట్టారు. నేను ఆ సొరుగు దాటి రోజూ లోపలికి ఎలా వెళ్తున్నాననుకున్నారు?"

మాస్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. అవి గిరాకీకి చూపించే నమూనాలని చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. ఆ మాట మింగేసి, నిజం చెప్పింది.

"మనవడి కోసమే కుట్టాను. మనవరాలైనా పనికొస్తాయని గుండీలు కుడి ఎడమ కాకుండా మధ్యలో పెట్టాను. నాకు కావాలని ఉంది, తగ్గించి చెప్పడం లేదు, నిండా ఉంది. దారిలో ఎవరి పిల్లనైనా బండిలో పెట్టి తోసుకెళ్తుంటే మెడ తిప్పుకుని చూస్తాను. కానీ గుండీ, పుట్టని పిల్ల ముఖం నేనెరగను. నీ ముఖం పదకొండేళ్ళుగా పొద్దున్నే చూస్తున్నాను. కొడుకంటావా, కన్నాను కాబట్టి ప్రేమ, అందులో నా గొప్పేం లేదు. నిన్ను నేను ఎంచుకున్నాను. వాడికంటే ఏడాది ముందే ఎంచుకున్నాను. రేపు ఆ బల్ల మీద సంచీ నువ్వూ రెండూ దక్కవని తేలితే, సంచి పారేసి నిన్ను ఇమ్మంటాను. నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నేనూ వాడూ ఏం చేస్తాం? వాడు రోజుకు నాలుగు మాటలు మాట్లాడతాడు. అందులో మూడు 'చూద్దాం'."

గుండీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. మాస్టరమ్మకు ఏడిచేవాళ్ళను ఓదార్చడం రాదు. కోడలి తల తన పొట్టకు ఆనించుకుని, వీపు మీద అరచేత్తో, ఇస్త్రీ చేసినట్టు, పై నుంచి కిందికి నిమురుతూ కూర్చుంది.

కాసేపటికి గుండీ కళ్ళు తుడుచుకుని పెన్ను అడిగింది. "ఇప్పుడు అంటున్నారు. నిజంగా తీసేశాక కూడా ఇలాగే అంటారా?" అని గొణిగి, జవాబు కోసం చూడకుండా సంతకం పెట్టింది. నమ్మి పెట్టిందో, అత్తగారి మాట కాదనలేక పెట్టిందో మాస్టరమ్మకు తెలియలేదు. అది ఆవిడ మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఆపరేషన్ మూడున్నర గంటలు పట్టింది. రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఒకటనుకున్న గడ్డ వెనక ఇంకో రెండు చిన్నవి దొరికాయి. అన్నీ తీసేశారు, గర్భసంచి మిగిలింది. మూడు వరసల కుట్టూ సరిగా వేశానని డాక్టరమ్మ బయటికొచ్చి ప్రత్యేకంగా మాస్టరమ్మకు చెప్పింది. లోపలి గది దాకా తెరవాల్సి వచ్చింది కాబట్టి నొప్పుల మాట ఇక ఈ జన్మకు తలపెట్టొద్దని, ఏడాది దాకా కడుపు రాకుండా చూసుకోవాలని కూడా చెప్పింది.

ఆ ఏడాది ఇంట్లో తగ్గించి చెప్పడం నిషేధం. మాస్టరమ్మ ఒట్టు పెట్టుకున్నంత పని చేసి, కొట్లో కూడా ఉన్న కొలత ఉన్నట్టు పైకి చెప్పడం మొదలుపెట్టింది. మొదటి దెబ్బ రిటైరయిన హెడ్మిస్ట్రెస్ గారికి తగిలింది. ఇరవై ఏళ్ళుగా నలభై వింటున్న మనిషి ఒక్కసారిగా నలభై రెండు విని, మొహం ఎర్రగా చేసుకుని, గుడ్డ చంకలో పెట్టుకుని పక్క కొట్టుకు వెళ్ళిపోయింది. మూడు వారాలకు తిరిగొచ్చింది. అక్కడ వాళ్ళు నలభై నాలుగన్నారట.

ఏడాది దాటిన నాలుగో నెలలో గుండీకి కడుపు నిలిచింది.

ఆ వార్త చెప్పినప్పుడు కొడుకు ఐదు నిమిషాలు గోడకానుకుని నిలబడి, "చూద్దాం" అన్నాడు. తర్వాత పెరట్లోకి వెళ్ళి ముక్కు చీదుకోవడం ఇద్దరికీ వినిపించింది. పదో వారం దాటేదాకా ఇంట్లో ఎవరూ గట్టిగా నడవలేదు. దాటాక కూడా సంతోషం సంతోషంగా రాలేదు. ప్రతి స్కానింగుకూ మాస్టరమ్మ వెంట వెళ్ళింది. తెర మీద బిడ్డను చూపిస్తుంటే, "అది సరేనమ్మా, కుట్టు ఎలా ఉందో చూడండి" అనేది. టెక్నీషియన్ పిల్ల ఇలాంటి నానమ్మను ఎక్కడా చూడలేదని డాక్టరమ్మతో చెప్పింది.

కొత్తగా నిజం చెప్పడం నేర్చుకున్న గుండీ, నేర్చుకున్నదాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. రాత్రి కాలు పట్టేస్తే ఎంతసేపు పట్టేసిందో, పొద్దున ఎన్నిసార్లు వాంతయిందో, మధ్యాహ్నం ఎవరి మీద కోపం వచ్చిందో అన్నీ లెక్కగా చెప్పేది. "నా మీద ఎన్నిసార్లు వచ్చింది?" అని మాస్టరమ్మ అడిగితే "నాలుగు" అంది. మాస్టరమ్మకు చిర్రెత్తుకొచ్చింది గానీ, అడిగింది తనే కాబట్టి నోరు మూసుకుంది.

ముప్పై ఏడో వారంలో శుక్రవారం ఆపరేషన్‌కు తారీకు ఇచ్చారు. అంతకుముందు సోమవారం మధ్యాహ్నం మాస్టరమ్మ హెడ్మిస్ట్రెస్ గారికి ఛాతీ కొలుస్తోంది. గుండీ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఒక కాలరుకు కచ్చా కుట్టు వేస్తోంది. సూది ఆగింది. కాసేపటికి మళ్ళీ నడిచింది. మళ్ళీ ఆగింది. మాస్టరమ్మ ఓరకంట చూస్తూనే ఉంది, అడగాలంటే భయంగా ఉంది.

"అత్తయ్యా" అంది గుండీ. "నొప్పి వస్తోంది. పది నిమిషాలకొకసారి. పదికి ఏడుంది."

అంతే. ఏం లేదులెండి అనలేదు, కాసేపు చూద్దామనలేదు. నుదుటి మీద చెమట పట్టి, రెండు చేతులతో పొట్ట కింద పట్టుకుని, ఏడు అంది. మాస్టరమ్మ టేపు వదిలేసింది. అది హెడ్మిస్ట్రెస్ గారి మెడకే వేలాడుతూ ఉంది. అలాగే ఆవిడ తన కారు తాళాలు తీసుకుని, "పదండి, నేను తీసుకెళ్తాను" అంది. ఇరవై ఏళ్ళు బడిని నడిపిన మనిషి కాబట్టి, దారిలో అడ్డొచ్చిన ప్రతి బండినీ కిటికీలోంచి గద్దించుకుంటూ పన్నెండు నిమిషాల్లో చేర్చింది.

ఆసుపత్రిలో పేరు రాసుకునే చోట కూడా ఆగనివ్వలేదు. డాక్టరమ్మ పరుగున వచ్చింది. పూర్తి మత్తు ఇస్తామని, టైము లేదని చెప్పి, సంతకానికి కాగితం పెట్టారు. అదే వాక్యం ఇందులోనూ ఉంది. గుండీ చదివింది. పెన్ను పట్టుకుని, చక్రాల మంచం మీంచి తల తిప్పి అత్తగారిని చూసింది. ఆ చూపులో రెండేళ్ళ కిందటి ప్రశ్న అలాగే ఉంది. మాస్టరమ్మకు ఏం చెప్పాలో తోచేలోపే సంతకం పెట్టేసింది, మంచం లోపలికి వెళ్ళిపోయింది, తలుపులు మూసుకున్నాయి.

కొడుకు చేతులకు గ్రీజుతో అలాగే వచ్చాడు. మాస్టరమ్మ తలుపుకు ఎదురుగా నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

అరగంట దాటాక పక్క తలుపు తెరుచుకుని నర్సు వచ్చింది. చేతుల్లో తెల్ల గుడ్డ మూట, అందులోంచి సన్నగా ఏడుపు. "ఆడపిల్ల. రెండు కిలోల ఏడువందలు. బాగుంది. నానమ్మ ఎవరండీ?"

"దాని తల్లి ఎలా ఉంది?" అంది మాస్టరమ్మ, తలుపు మీంచి చూపు తిప్పకుండా.

"ఇంకా కుట్లు వేస్తున్నారు. ముందు పాపను పట్టుకోండి."

"వాళ్ళ నాన్నకివ్వండి. చేతులు కడుక్కుని పట్టుకోరా."

కొడుకు వెళ్ళి కడుక్కొచ్చి పట్టుకున్నాడు. వెనక బెంచీ మీద పిల్ల ఏడుస్తోంది, ఊరుకుంటోంది, మళ్ళీ ఏదో చిన్నగా కూస్తోంది. ఆ ప్రతి శబ్దానికీ మాస్టరమ్మ మెడ దానంతటదే తిరగబోయింది. పంటి బిగువున ఆపుకుంది. "ఒక్కసారి చూడండమ్మా, ఎంత ముద్దుగా ఉందో" అని హెడ్మిస్ట్రెస్ గారు రెండుసార్లు పిలిచింది. ఇదేం మొండితనమని విసుక్కుంది కూడా. మొండితనమే అది. కానీ ఆ తలుపు వెనక మనిషి ఉందో లేదో తెలియకుండా ఇటు తిరిగి పిల్లను చూసి నవ్వితే, ఆ రోజు షట్టరు దించి చెప్పిన మాటలన్నీ అబద్ధమైపోతాయని ఆవిడకు అనిపించింది. అందుకని నిలబడింది. మోకాళ్ళు లాగుతున్నా నిలబడింది.

గంట దాటాక డాక్టరమ్మ వచ్చింది. టోపీ తీసేసి గోడకానుకుంది. "పాత కుట్టు ఒకచోట కాగితంలా పల్చబడి ఉందమ్మా. ఇంకో రెండు మూడు గంటలు ఇంట్లో ఉండుంటే మీకు ఇంకో కబురు చెప్పాల్సి వచ్చేది. రక్తం కాస్త ఎక్కువే పోయింది. ఆగింది. సంచి కూడా అలాగే ఉంది. మనిషి బాగుంది, కాసేపట్లో లేస్తుంది."

మాస్టరమ్మ తలుపు దగ్గర్నుంచి కదిలింది. డాక్టరమ్మ రెండు చేతులూ పట్టుకుని, ఆ వేళ్ళను తన కళ్ళకు ఆనించుకుని, వదిలేసి లోపలికి నడిచింది.

గుండీ ఇంకా పూర్తిగా తేరుకోలేదు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. మాస్టరమ్మ తడిగుడ్డతో వాటిని అద్దింది. చాలాసేపటికి కళ్ళు తెరిచింది.

"ఆడపిల్లట కదా" అంది మగతగా. "నర్సు చెప్పింది. ఎవరి పోలిక అత్తయ్యా?"

"తెలియదే. నేనింకా చూడలేదు."

"పుట్టి ఎంతసేపైంది?"

"గంటన్నర అవుతోంది."

గుండీ కాసేపు పైకప్పు వైపు చూసింది. ఆ మాట మత్తును దాటుకుని మెల్లగా లోపలికి చేరింది. తల తిప్పి అత్తగారి ముఖం చూసింది. "గంటన్నర నుంచి చూడలేదా?" అంది మళ్ళీ.

"నిన్ను చూడందే ఎలా చూస్తాను?"

గుండీ చెంపల మీంచి నీళ్ళు దిండులోకి కారాయి. సెలైన్ సూది ఉన్న చేత్తోనే అత్తగారి చెయ్యి వెతికి పట్టుకుంది. నవ్వబోతే కుట్లు లాగి మూలిగింది. ఏమే, నొప్పి ఎంతుంది అని అడగబోయి మాస్టరమ్మ ఊరుకుంది.

"వెళ్ళి చూసి రండి" అంది గుండీ. "నేను నమ్మాను."

"ఎక్కడికీ వెళ్ళను. ఇక్కడికే తెస్తాడు."

కొడుకు తలుపు భుజంతో తోసుకుని, మూటను గాజుసామాను మోసినట్టు మోసుకుంటూ వచ్చాడు. మాస్టరమ్మ మంచం అంచున కూర్చుని, కోడలి మెడ కింద చెయ్యి పెట్టి నెమ్మదిగా కాస్త పైకి లేపింది. అతను గుడ్డ అంచు పక్కకు తీశాడు. ఇద్దరూ ఒకేసారి చూశారు.